కొత్త ఫిల్మ్ కెమెరా చేస్తే కొనేవాళ్లున్నారా? బాలానగర్ తమ్ముడికి సమాధానం

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాలానగర్‌లో మీ నాన్నగారి కాలం నుంచి నడుస్తున్న మెషిన్ షాపు ఉంది. రెండు సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్లు, ఒక వైర్‌కట్ ఉన్నాయి. మోటార్లు, సర్క్యూట్లు తెలిసిన మిత్రుడు, ఇంకో భాగస్వామి తోడున్నారు. ముగ్గురూ కలిసి సరికొత్త సూపర్ 16 (16ఎంఎం ఫిల్మ్ మీద వెడల్పాటి ఫ్రేము తీసే) కెమెరా తయారుచేసి, ఒక్కోటి 6 లక్షలకు ప్రపంచమంతా అమ్మాలని ఆలోచన. "ఫిల్మ్ మళ్లీ వస్తోంది కదా సార్, పెద్ద కంపెనీలు కెమెరాలు చేయడం మానేశాయి కదా, ఆ ఖాళీలోకి మనం వెళ్లకూడదా, మార్కెట్ ఉందా లేదా చెప్పండి" అని అడిగారు.

నేను 1988లో మద్రాసులో ఒక ఔట్‌డోర్ యూనిట్‌లో కెమెరా అటెండెంట్‌గా చేరాను. మ్యాగజీన్లు (ఫిల్మ్ చుట్టలు పెట్టే డబ్బాలు) తుడవడంతో మొదలై జర్మనీ కంపెనీ ఆరీ చేసిన 2సీ, ఆరీ 3, ఆ తర్వాత 435 కెమెరాలు పూర్తిగా విప్పి బిగించేదాకా వచ్చాను. ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఇంటి మేడమీద గదిలో పాత కెమెరాలకు సర్వీసు చేస్తున్నాను. అన్నం పెట్టిన పని ఇది. మీలాంటి కుర్రవాళ్లు ఇందులోకి రావాలని ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నవాణ్ణి. అందుకే మీకు నచ్చేట్టు కాకుండా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఫిల్మ్ మీద తీసేవాళ్లు పెరుగుతున్న మాట నిజం. ఫిల్మ్ కెమెరాలకు గిరాకీ ఉన్న మాటా నిజం. కానీ ఆ గిరాకీ కొత్త సూపర్ 16 కెమెరాకు ఉందంటే మాత్రం నేను ఒప్పుకోను. మీకు పోటీ డిజిటల్ కెమెరా అనుకుంటున్నారు. కాదు. డిజిటల్‌లో తీసేవాడు మీ దగ్గరికి ఎలాగూ రాడు. ఫిల్మ్ మీదే తీయాలని నిర్ణయించుకుని వచ్చినవాడి ముందు రెండు దారులుంటాయి: మీ కొత్త కెమెరా, లేదా 1992లో వచ్చి ఈరోజుకీ చప్పుడు చేయకుండా తిరుగుతున్న ఆరీ వాళ్ల 16ఎంఎం కెమెరా ఆరీఫ్లెక్స్ ఎస్ఆర్3. మీ అసలు పోటీదారు ఆ ముసలాయనే.

ఆరీ, అమెరికా పానావిజన్, ఫ్రాన్స్ ఆటోన్ మూడు కంపెనీలూ కొత్త ఫిల్మ్ కెమెరాల తయారీ ఆపేశాయని బయటపడింది 2011లో. అందరూ దాన్ని ఫిల్మ్ చావుగా చెప్పుకున్నారు. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి కనిపించింది. వాళ్లు చేసిన కెమెరాలు చావవు. ఎస్ఆర్ మొదటి మోడల్ 1975లో వచ్చింది, ఎస్ఆర్2 1982లో, ఎస్ఆర్3 1992లో, చివరిదైన 416 2006లో. ఈ నాలుగు తరాలూ ఇప్పటికీ షూటింగుల్లో తిరుగుతున్నాయి. నా టేబుల్ మీద ఈ నెలలోనే ఒక ఎస్ఆర్2 ఉంది, దాని మూవ్‌మెంట్‌లో (ఫిల్మ్‌ను ఫ్రేము ఫ్రేముగా లాగి ఆపే యంత్రాంగం) నేను మార్చాల్సిన ముక్క ఒక్కటీ లేదు. శుభ్రం చేసి నూనె వేశానంతే. అంత బాగా చేసిన వస్తువు కొన్ని వేల సంఖ్యలో లోకంలో ఉన్నప్పుడు, పైగా డిజిటల్ వచ్చిన కొత్తలో అద్దె కంపెనీలు వాటిని తుక్కు ధరకు వదిలించుకున్నప్పుడు, కొత్తది ఎవరు కొంటారు? ఆరీ మానేసింది అందుకు కూడా.

ఆ తుక్కు ధరలు ఇప్పుడు లేవు, అది మీకు అనుకూలమైన విషయం. 2012, 13 ప్రాంతంలో ఒక స్నేహితుడు సూపర్ 16 ఆటోన్ సెట్టు మొత్తం తీసుకోమని నన్ను బతిమాలాడు. నేను తీసుకోలేదు. ఇవాళ అదే సెట్టు ధర విని గుండె కలుక్కుమంటుంది. పాత కెమెరాల ధర ఇంకా పెరిగితే కొత్త కెమెరాకు చోటు వస్తుందన్న మీ తర్కం తప్పు కాదు. అయితే ఆ పెరుగుదల ఎక్కడ ఆగుతుందో చూడాలి. 416 ధర ఆకాశంలో ఉన్నా, దాని కింద ఎస్ఆర్3 ఉంది, దాని కింద ఎస్ఆర్2, దాని కింద చిన్న 16ఎంఎం కెమెరా బోలెక్స్. మెట్లన్నీ నిండి ఉన్నాయి.

ఇక్కడే ఒక అంకె గురించి చెప్పాలి, మీరు కూడా దాన్ని ఉదహరించారు కాబట్టి. కొడాక్ సినిమా ఫిల్మ్ అమ్మకాలు 2006లో 1,240 కోట్ల అడుగులుంటే 2014 నాటికి దాదాపు 45 కోట్ల అడుగులకు పడిపోయాయి. అంటే 96 శాతం పోయింది. దీన్ని చూసి కొందరు కెమెరా మార్కెట్ కూడా 96 శాతం చచ్చిపోయిందంటారు, మీరేమో మళ్లీ అంతా తిరిగొస్తుందని ఆశపడుతున్నారు. రెండూ తప్పే. ఆ అడుగుల్లో సింహభాగం థియేటర్లకు వెళ్లే రిలీజ్ ప్రింట్లది. లెక్క వేయండి: 35ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు తిరుగుతుంది. రెండున్నర గంటల సినిమాకు ఒక్క ప్రింటు 13,500 అడుగులు. 200 ప్రింట్లతో విడుదల చేస్తే 27 లక్షల అడుగులు. అదే సినిమాకు షూటింగ్‌లో నెగటివ్ ఎంత ఖర్చయ్యేది? ధారాళంగా తీసే దర్శకుడికైనా మామూలుగా లక్ష, లక్షన్నర అడుగులు. థియేటర్లలోకి డిజిటల్ ప్రొజెక్టర్లు రావడంతో ఆ 27 లక్షలు మాయమయ్యాయి. అవి తిరిగి రావు. కెమెరాలో తిరిగే నెగటివ్ మొదటినుంచీ చిన్న మార్కెట్, కాబట్టి కెమెరాలు ఎన్నడూ లక్షల్లో అమ్ముడుపోయిన సరుకు కాదు. ఫిల్మ్ స్వర్ణయుగంలో కూడా ఇది వందలు, వేలల్లో నడిచిన వ్యాపారం.

ముడి ఫిల్మ్ సంగతి కాస్త ధైర్యంగానే ఉంది. ఫూజీ 2013లో సినిమా నెగటివ్ నుంచి తప్పుకుంది. కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసి 2013లో బయటపడింది, ఆ తర్వాత హాలీవుడ్ స్టూడియోలు ఏటా ఇంత కొంటామని ఒప్పందం చేసుకుని ఆ ప్లాంటును నిలబెట్టాయి. 2024 నవంబరులో రోచెస్టర్ ప్లాంటును కొన్ని వారాలు ఆపి ఆధునికీకరించారు. నెగటివ్ వెనక ఉండే రెమ్‌జెట్ నల్ల పూతను తీసేసి కొత్త పద్ధతిలో తమ సినిమా నెగటివ్ విజన్3 తేవడం మొదలుపెట్టారు. మూసేయబోయే కంపెనీ ఇలాంటి ఖర్చులు పెట్టదు. అయినా రంగుల నెగటివ్ కోసం ప్రపంచమంతా దాదాపు ఒక్క కంపెనీ మీద ఆధారపడి ఉందని మరచిపోకండి. మీ కెమెరాకు తిండి పెట్టేది వాళ్లే.

ఇప్పుడు కొత్త కెమెరా చేసినవాళ్ల అనుభవం చూద్దాం. మీకు ఇది బాగా ఉపయోగపడుతుంది.

కొడాక్ 2016 జనవరిలో లాస్ వేగస్ ప్రదర్శనలో కొత్త సూపర్ 8 (8ఎంఎం ఫిల్మ్ డబ్బీ, అంటే కార్ట్రిడ్జి, పెట్టి తీసే) కెమెరా చూపించింది. ధర 400 నుంచి 750 డాలర్ల మధ్య ఉంటుందన్నారు. అది అమ్మకానికి వచ్చేసరికి 2023 చివర. ధర 5,495 డాలర్లు, అంటే అప్పటి మారకంలో నాలుగున్నర లక్షల రూపాయలు. ఫిల్మ్ తయారుచేసే కంపెనీయే, తన కార్ట్రిడ్జిలు అమ్ముకోవడానికి కెమెరా చేయాలనుకుంటే, దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది, ధర ఏడు రెట్లు దాటింది. వాళ్లకు చేతకాక కాదు. వేలల్లో చేస్తే వచ్చే ధర వేరు, కొద్ది సంఖ్యలో చేస్తే వచ్చే ధర వేరు. ఒక చిన్న గేరు కోసం అచ్చు చేయిస్తే ఆ అచ్చు ఖర్చు పదివేల కెమెరాల మీద పంచుకుంటే తెలియదు, 500 మీద పంచుకుంటే కెమెరా ధర మారిపోతుంది. బాలానగర్‌లో పుట్టిపెరిగిన మీకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

ఆ కెమెరాలో ఇంకో విషయం గమనించండి. అద్దాల వ్యూఫైండర్ లేదు, నాలుగంగుళాల తెర పెట్టారు. ఇంజినీరుగా చూస్తే అది సరైన నిర్ణయం. అద్దపు షట్టర్ నుంచి వచ్చే బొమ్మను గ్రౌండ్ గ్లాస్ (మసక గాజు) మీద పట్టి, ఐపీస్ ఎటు తిప్పినా తలకిందులు కాకుండా కంటికి చేర్చడం కెమెరాలోకెల్లా ఖరీదైన పని. కానీ సూపర్ 16 కొనే ప్రొఫెషనల్‌కు ఆ ఆప్టికల్ ఫైండరే కావాలి. ఆ తేడా మీ 6 లక్షల లెక్కలో కనబడలేదు.

డెన్మార్క్‌లో లాగ్మార్ అనే చిన్న సంస్థ ఉంది, మీ ముగ్గురి లాంటి వాళ్లే. 2014లో ఎస్-8 పేరుతో సూపర్ 8 కెమెరా చేశారు, సంఖ్య 50. వాళ్ల గొప్పతనం ఎక్కడుందంటే, సూపర్ 8లో అందరూ భరిస్తూ వచ్చిన ఒక లోపాన్ని పట్టుకున్నారు. సూపర్ 8 కార్ట్రిడ్జిలో ఫిల్మ్‌ను వెనక నుంచి నొక్కే ప్రెజర్ ప్లేట్ ప్లాస్టిక్‌ది, కార్ట్రిడ్జిలోనే ఉంటుంది. అందుకే సూపర్ 8 బొమ్మ వణుకుతుంది. వీళ్లు ఫిల్మ్‌ను కార్ట్రిడ్జి నుంచి బయటకు లూపుగా లాగి, లోహపు ప్లేటు, ఫిల్మ్ చిల్లులో దూరి ఫ్రేమును కదలకుండా పట్టే రిజిస్ట్రేషన్ పిన్ను పెట్టారు. పాత కెమెరా ఏదీ చేయలేని పని చేసి చూపించారు. కొత్త కెమెరా ఎప్పుడు అమ్ముడవుతుందని అడిగితే నా సమాధానం ఇదే: పాతవాటిలో ఎంత డబ్బు పెట్టినా దొరకనిది అందులో ఉన్నప్పుడు. మీరు రాసిన వివరాల్లో ఎస్ఆర్3 చేయనిది మీ కెమెరా చేసేది ఏముందని వెతికాను. యూఎస్‌బీ ఛార్జింగ్, ఫోన్‌లో ఫుటేజ్ కౌంటర్ కనిపించాయి. వాటికోసం ఛాయాగ్రాహకుడు కొత్త మూవ్‌మెంట్‌ను నమ్మడు.

నమ్మకం అన్నాను కదా, అక్కడ కొంచెం ఆగాలి. స్టిల్ కెమెరాల్లో పెంటాక్స్ 2024లో 17 అనే కొత్త ఫిల్మ్ కెమెరా తెచ్చింది. దానికోసం రిటైరైన పాత ఇంజినీర్లను పిలిచి కుర్రవాళ్లకు నేర్పించారు. స్టిల్ కెమెరాలో ఫిల్మ్ తీరిగ్గా ఒక ఫ్రేము జరుగుతుంది, ఆగుతుంది. సినిమా కెమెరాలో సెకనుకు 24 సార్లు జరిగి, ఆగి, రాయిలా కదలకుండా నిలబడాలి. 180 డిగ్రీల షట్టర్ అయితే సెకనులో 48వ వంతు సేపు ఎక్స్‌పోజర్, మిగతా 48వ వంతులో క్లా (ఫిల్మ్‌ను లాగే కొక్కెం) కిందికొచ్చి 16ఎంఎం ఫిల్మ్‌ను 7.6 మిల్లీమీటర్లు లాగి, వదిలి, ఫిల్మ్ వణుకు తగ్గి నిలవాలి. గంట ఆడితే 86,400 సార్లు. సూపర్ 16 ఫ్రేము వెడల్పు పన్నెండున్నర మిల్లీమీటర్లు. దాన్ని 40 అడుగుల తెర మీద వేస్తే దాదాపు వెయ్యి రెట్లు పెద్దదవుతుంది. అంటే గేటులో (ఫిల్మ్ మీద వెలుగు పడే కిటికీ) 10 మైక్రాన్ల తేడా తెర మీద సెంటీమీటరు కదలిక. మీ మెషిన్లు 10 మైక్రాన్లు పట్టుకుంటాయని నాకు తెలుసు. కానీ ఆ ముక్క కోసిన రోజు పట్టుకోవడం వేరు, మే నెలలో రామగుండం ఎండలోనూ, జనవరిలో లంబసింగి చలిలోనూ పట్టుకోవడం వేరు. లెన్సు మౌంటు నుంచి ఫిల్మ్ దాకా 52 మిల్లీమీటర్లు ఉండాలి, సినిమా లెన్సులు బిగించే పీఎల్ మౌంటుకు. అది వందో వంతు మిల్లీమీటరు తప్పినా వైడ్ లెన్సులో ఫోకస్ పోతుంది.

నేను కళ్లారా చూసినది చెబుతాను. తొంభైల్లో అరకులో పాట షూటింగ్. మా 2సీ గేటులో ప్రెజర్ ప్లేటు స్ప్రింగు అలసిపోయింది. అసలు స్పేరు తెప్పించే టైము లేక ఒక వర్క్‌షాపులో చేయించి బిగించారు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది, వేలితో నొక్కితే అంతే గట్టిగా ఉంది. రెండు రోజులు తీశాం. రష్‌లు (తీసిన షాట్లు) మద్రాసు ల్యాబులో కడిగి చూసేసరికి బొమ్మ ఊపిరి పీలుస్తున్నట్టు ముందుకూ వెనక్కూ ఆడుతోంది. ఫోకస్ వస్తోంది, పోతోంది. డాన్సర్లందరినీ మళ్లీ పిలిచారు. ఆ ఖర్చుకు కొత్త కెమెరా వచ్చేది. ఫిల్మ్ కెమెరా తప్పు చేస్తే ఆ రోజు తెలియదు, ల్యాబు నుంచి ఫోన్ వచ్చాక తెలుస్తుంది. అందుకే ఛాయాగ్రాహకులు 30 ఏళ్ల పాత కెమెరాను నమ్ముతారు, మొన్న తయారైనదాన్ని నమ్మరు. ఎందరో వాడి, తప్పులన్నీ తేలి, సరిచేయబడిన యంత్రం అది. ఈ నమ్మకాన్ని మీరు సంపాదించడానికి పట్టే కాలమే మీ అసలు పెట్టుబడి.

మన పరిశ్రమలో ఒక ప్రత్యేకత ఉండేది. తెలుగు, తమిళ సినిమాల్లో మాటలు తర్వాత డబ్బింగ్‌లో చెప్పించేవాళ్లు కాబట్టి కెమెరా ఎంత చప్పుడు చేసినా ఎవరికీ పట్టేది కాదు. 2సీ కుట్టుమిషన్‌లా మోగేది, అయినా దశాబ్దాలపాటు మన సినిమాలను మోసింది. తర్వాత 435 వచ్చినా అదే కథ. మీరు ఇప్పుడు అమ్మాలనుకుంటున్న అమెరికా, యూరప్ కొనుగోలుదారుడు సింక్ సౌండ్‌లో, అంటే మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తూ తీస్తాడు. 416 చప్పుడు 20 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది, నిశ్శబ్దమైన గదిలో పక్కన కూర్చున్నా ఆడుతోందో లేదో తెలియదు. మీ నమూనా వీడియో చూశాను, టకటకా బాగా వినిపించింది. చప్పుడు తగ్గించడం చివర్లో రబ్బరు అంటించి చేసే పని కాదు, క్లా ప్రయాణించే దారిలోనే మొదలవ్వాలి.

పై అంచుకు వెళితే కథ మారిపోతుంది. ఐమాక్స్ 2022లో నాలుగు కొత్త ఫిల్మ్ కెమెరాలు చేయిస్తున్నామని ప్రకటించింది, కొడాక్, పానావిజన్, ఫిల్మ్ ల్యాబు ఫోటోకెమ్‌లతో కలిసి. పాత ఐమాక్స్ కెమెరాలు ప్రపంచం మొత్తంమీద వేళ్లమీద లెక్కపెట్టేన్ని. గర్జించినట్టు మోగుతాయి, ముఖాముఖి మాటల సీన్లు తీయడం నరకం. 'ఓపెన్‌హైమర్' తర్వాత దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ తన తర్వాతి సినిమా 'ది ఒడిస్సీ' మొత్తం ఐమాక్స్ ఫిల్మ్ మీదే తీస్తాననడంతో తేలికైన, చప్పుడు తక్కువైన కెమెరా అవసరం ఇంకా పెరిగింది. ఇక్కడ మూడు సంగతులు కలిశాయి: పాత కెమెరాలు చాలినన్ని లేవు, ఉన్నవాటికి అందరికీ తెలిసిన లోపం ఉంది, కొనేవాడు తయారీకి ముందే గుమ్మంలో నిలబడ్డాడు. పైగా ఐమాక్స్ కెమెరా అమ్మదు, అద్దెకిస్తుంది. పానావిజన్ కూడా 1960ల మధ్య నుంచీ అంతే, కెమెరాలు అద్దెకే ఇస్తుంది. పెద్ద ఫార్మాట్‌లో డబ్బు అద్దెలోనే ఉంది.

ఇదే కొలత విస్టావిజన్‌కు పెట్టి చూడండి. 35ఎంఎం ఫిల్మ్‌ను అడ్డంగా, ఎనిమిది పెర్ఫొరేషన్లకు (అంచు చిల్లులకు) ఒక ఫ్రేముగా నడిపే ఈ పద్ధతిని పారామౌంట్ 1954లో తెచ్చింది, కొన్నేళ్లకే వదిలేసింది. తర్వాత ట్రిక్ షాట్లకు మాత్రమే మిగిలింది. 'ది బ్రూటలిస్ట్' ఎక్కువ భాగం విస్టావిజన్‌లో తీసి 2025లో ఛాయాగ్రహణానికి ఆస్కార్ గెలిచింది. అదే ఏడు 'వన్ బ్యాటిల్ ఆఫ్టర్ అనదర్' కూడా అదే ఫార్మాట్‌లో వచ్చింది. ఇప్పుడు ఆ కెమెరాలు అడిగేవాళ్లు ఎక్కువ, కెమెరాలు తక్కువ, ఉన్నవి చప్పుడు చేసేవి. నన్నడిగితే కొత్త ఫిల్మ్ కెమెరాకు ఇవాళ ప్రపంచంలో నిజమైన ఖాళీ ఉన్నది ఇక్కడ. చప్పుడు చేయని, భుజం మీద పెట్టుకోగలిగిన విస్టావిజన్ కెమెరా. అమ్మేది పదో పదిహేనో ఉంటాయి, కానీ ప్రతిదానికీ అద్దె కంపెనీ ముందే అడ్వాన్సు ఇచ్చే అవకాశం ఉంది. మీ మొదటి కెమెరాగా అది చేయమనను. మనసులో ఉంచుకోమంటున్నాను.

కింది అంచున సూపర్ 8 ఉంది. అమెరికాలో పెళ్లిళ్లు సూపర్ 8 మీద తీయించుకోవడం పెరిగింది. మా మేనల్లుడి పెళ్లి న్యూజెర్సీలో జరిగితే డిజిటల్ టీమ్ పక్కనే ఒకమ్మాయి పాత సూపర్ 8 కెమెరాతో జీలకర్ర బెల్లం, తలంబ్రాలు తీసింది. ఒక కార్ట్రిడ్జి 24 ఫ్రేములకు రెండున్నర నిమిషాలే, మొత్తం నాలుగు వాడింది. మా అక్క ఆ పది నిమిషాలే ఇప్పటికీ చూస్తుంది. ఆ గిరాకీ పెరుగుతుంది. కానీ ఆ అమ్మాయి కెమెరా పాత సామాన్ల సంతలో కొన్నది, దాని ధర ఆమె ఒక పెళ్లికి తీసుకునే డబ్బు కంటే తక్కువ. ఆమెకు కొత్త కెమెరా అక్కర్లేదు. పాడైతే బాగుచేసే మనిషి కావాలి.

ఇక మీ లెక్క. 6 లక్షల చొప్పున 50 కెమెరాలు అమ్మితే 3 కోట్లు వస్తాయని రాశారు. ఒక్కో కెమెరా తయారీకి, మ్యాగజీనూ ఫైండరూ కలిపి, 3 లక్షలైనా అవుతుందనుకుందాం. కోటిన్నర అక్కడే పోయింది. నమూనాలు మూడు సార్లు మళ్లీ చేయకుండా ఏ కెమెరా పుట్టలేదు. రెండు మూడేళ్లు ముగ్గురి ఇళ్లు గడవాలి, టెస్ట్ నెగటివ్, ప్రాసెసింగ్, ప్రయాణాలు ఉన్నాయి. మిగిలిన కోటిన్నర అందులో కరిగిపోతుంది. ఆ తర్వాత పదేళ్లు 50 మందికి స్పేర్లు, సర్వీసు మీ బాధ్యత. ఆటోన్ లాంటి సంస్థ, స్థాపకుడు బొవియాలా లాంటి మేధావి నడిపిన సంస్థ, ఒక్క కొత్త మోడల్ సమయానికి కుదరక 2013లో చేతులెత్తేయాల్సి వచ్చింది. అది డిజిటల్ మోడలే. కానీ ఒక్క ఉత్పత్తి మీద మొత్తం పెట్టే చిన్న కెమెరా కంపెనీకి ఏమవుతుందో అందులో ఉంది.

మన దగ్గర అమ్ముకోవచ్చు కదా అంటారేమో. హైదరాబాద్, చెన్నై ల్యాబుల్లో డెవలపింగ్ ట్యాంకులు ఒక్కొక్కటిగా ఎండిపోయాయి. ఇవాళ హైదరాబాద్‌లో ఒక క్యాను ఎక్స్‌పోజ్ చేస్తే దాన్ని ముంబయికో విదేశానికో పంపాలి. విమానాశ్రయాల్లో కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు కడగని నెగటివ్‌ను పాడుచేస్తాయి, చేతితో తనిఖీ చేయమని సిబ్బందిని బతిమాలాలి. రష్‌లు చూడ్డానికి వారం పైన పడుతుంది. ఈ ఇబ్బంది తీరనిదే మన దర్శకులు ఎంత ఇష్టపడినా ఫిల్మ్ వైపు రారు. కాబట్టి మీ కొనుగోలుదారుడు బయటివాడే.

ఇంత చెప్పాక మిమ్మల్ని వెనక్కి పంపడం నా ఉద్దేశం కాదు. మీ చేతిలో ఉన్న పనితనానికి గిరాకీ ఉంది, అది కెమెరా పేరుతో కాకుండా ముక్కల పేరుతో ఉంది. ఎస్ఆర్2ల మూవ్‌మెంట్ చావదు అన్నాను, కానీ ఎలక్ట్రానిక్ బోర్డులు చస్తాయి. వాటిమీది విడిభాగాలు ఇప్పుడు ఎవరూ చేయరు. నా అలమరాలో బోర్డు పోయి పడుకున్న కెమెరాలు మూడున్నాయి, లోపల యంత్రమంతా నిగనిగలాడుతోంది. స్పీడును క్రిస్టల్‌తో కచ్చితంగా పట్టే కొత్త మోటారు బోర్డు మీ మిత్రుడు చేస్తే, ప్రపంచంలో సర్వీసు చేసే నాలాంటి ప్రతివాడూ కొంటాడు. ఫైండర్‌లోని బొమ్మను పక్కన టీవీ తెర మీద చూపే వీడియో అసిస్ట్ ఇంకోటి. పాతవాటిలో మసకమసకగా వచ్చే బొమ్మ చూసి ఈ కాలం దర్శకులు నిరాశపడిపోతారు. అదే స్థలంలో పట్టే హెచ్‌డీ వీడియో అసిస్ట్ చేస్తే అద్దె కంపెనీలు వరుసకడతాయి. మ్యాగజీన్ క్లచ్‌లు, బెల్టులు, బ్యాటరీ అడాప్టర్లు, ఐకప్ రబ్బర్లు చిన్న వస్తువులే, కానీ వాటిలో ఒక్కటి లేకపోయినా షూటింగ్ ఆగుతుంది.

వీటికంటే పెద్దది, మీ మెషిన్లకు తగినది, 2-పెర్ఫ్ మార్పిడి. 35ఎంఎంలో మామూలుగా ఫ్రేముకు నాలుగు పెర్ఫొరేషన్లు. గేటు, క్లా, స్ప్రాకెట్లు మార్చి రెండుకు కుదిస్తే సినిమాస్కోపు ఆకారం నేరుగా వస్తుంది, నెగటివ్ సగం ఖర్చవుతుంది. 1,000 అడుగుల రోలు 11 నిమిషాలకు బదులు 22 నిమిషాలు వస్తుంది. నెగటివ్ ధర చూసి భయపడే ప్రతి నిర్మాతకూ ఇది అర్థమయ్యే భాష. మన యూనిట్ల గోడౌన్లలో పడి ఉన్న 2సీలు, ఆరీ 3లు ఎన్నో. తుక్కు కింద పోతున్నవాటిని 2-పెర్ఫ్‌కు మార్చి సర్వీసు చేసి అమ్మితే మీకు కెమెరా వస్తుంది, కొత్త మూవ్‌మెంట్ కనిపెట్టే ప్రమాదం ఉండదు. చప్పుడు మాత్రం ఉంటుంది, పాటలకు, ప్రకటనలకు, యాక్షన్‌కు అది అడ్డం కాదు.

స్కానర్ గురించి కూడా ఆలోచించండి. ఫిల్మ్ మీద తీసిన ప్రతి అడుగూ చివరికి బొమ్మను డిజిటల్‌గా మార్చే స్కానర్ గుండా వెళ్లాల్సిందే. స్కానిటీ స్కానర్లు చేసే జర్మనీ కంపెనీ డీఎఫ్‌టీ ఇవాళ ప్రసాద్ గ్రూపు చేతిలో ఉంది, ఏలూరు దగ్గర పుట్టిన ఎల్వీ ప్రసాద్ గారు వేసిన చెట్టుకు కాసిన కాయ. అది పెద్ద ఆర్కైవులు, స్టూడియోలు కొనే యంత్రం. చిన్న ల్యాబులు, ఫిల్మ్ స్కూళ్లు కొనగలిగే 16ఎంఎం స్కానర్ గేటు, ట్రాన్స్‌పోర్టు మీరు చేయగలరు. అందులో ఫిల్మ్ సెకనుకు 24 సార్లు ఆగి నిలవనక్కర్లేదు. మూవ్‌మెంట్ చేయడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు.

అయినా మీ మనసు సూపర్ 16 మీదే ఉంటే, ముందు బాడీ, ఫైండరు, యాప్ అన్నీ పక్కన పెట్టి గేటు, మూవ్‌మెంట్ మాత్రం చేయండి. చెక్క పెట్టెలో బిగించినా పర్లేదు. స్టాండు మీద కదలకుండా పెట్టి, గోడమీద గళ్ల చార్టు అతికించి, 100 అడుగులు తీయండి. అది 2 నిమిషాల 46 సెకన్లు. చీకటిగదిలో వెనక్కి చుట్టి, అదే ఫ్రేము నుంచి మొదలయ్యేలా లోడ్ చేసి, చార్టును అర గడి జరిపి, అదే ఫిల్మ్ మీద రెండోసారి తీయండి. కడిగించి స్కాన్ చేస్తే రెండు గళ్ల వరుసలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. వాటి మధ్య దూరం మారకుండా ఉందా, వణుకుతోందా చూస్తే చాలు. ఆరీ వాళ్లయినా ఈ స్టెడీ టెస్టు దాటాకే కెమెరా బయటికి పంపేవాళ్లు. ల్యాబుకు పంపే ఏర్పాటు నేను చేయిస్తాను, కొత్త 7219 (కొడాక్ 16ఎంఎం విజన్3 నెగటివ్) రోలు ఒకటి నా ఫ్రిజ్‌లో ఉంది, అది మీకోసం తీసి ఉంచుతాను. ఆ రీలు పట్టుకుని ఒక ఆదివారం మా మేడమీదికి రండి, ఎస్ఆర్2 విప్పి పక్కన పెడతాను, రెండు మూవ్‌మెంట్లూ చూస్తూ మాట్లాడుకుందాం.